అడగకుండా పెట్టిన టిక్కు

మదనపల్లె,
9 జూన్ 2025

ప్రియమైన అన్నకు,

వందనాలు. చేతి అలవాటుకొద్దీ రాశానే గానీ ఈ రోజు నీకు వందనాలు చెప్పాలని లేదు.

ఫోన్ చేస్తే "ప్రార్థనలో ఉండాను, మళ్ళీ చేస్తా" అని పెట్టేస్తావు. కాగితాన్ని మధ్యలో పెట్టేయడం కుదరదు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. ఓపిగ్గా చివరిదాకా చదువు.

పోయిన వారం మా ఆసుపత్రికి రామకుప్పం నుంచి ఒకావిడ గర్భసంచి ఆపరేషనుకి వచ్చింది. నేను పాస్టర్ శాలేము రాజు చెల్లెల్నని ఆవిడకి తెలియదు పాపం. "మా పాస్టరయ్య ఎంత బాగా సెప్తాడో సిస్టర్! వాళ్ళ నాయనే దొంగసాటుగా తాగి తాగి లివరు సెడిపోయి సచ్చిపోయినాడంట. ఆ మాట ఇన్నప్పట్నించి మా ఆయన సీసా ముట్టలే" అంది. నేను బీపీ మిషనుకి గాలి కొడుతూ వదలడం మరిచిపోయాను. "సెయ్యి నొస్తాంది సిస్టర్" అని ఆవిడే అరిచింది.

నాయన తాగాడా అన్నా? పుంగనూరు చుట్టూ పల్లెలన్నీ సైకిలు మీద తిరిగి బైబిళ్ళు అమ్మిన పరంజ్యోతి తాగాడా? దగ్గు మందులో స్పిరిట్ ఉంటుందని మిరియాల కషాయంతో సరిపెట్టుకున్న మనిషి తాగాడా?

ఈ కోపానికి ఇంకో కారణం కూడా తోడైంది. మా డాక్టర్ అమరావతి గారు పన్నెండేళ్ళుగా మా దగ్గరికొచ్చిన లివర్ క్యాన్సర్ రోగుల కేస్ షీట్లన్నీ తీయించి, ఎవరికి ఎందుకు వచ్చిందో తేల్చాలనుకున్నారు. ఆ పని నాకు అప్పగించారు. రికార్డు గదిలో తుమ్ముకుంటూ రెండు వందల పన్నెండు షీట్లు దించాను. మగవాళ్ళు నూట అరవై ఒక్కమంది. వాళ్ళలో నూట నలభై తొమ్మిది మందికి 'మద్యం' అన్న గడిలో టిక్కు ఉంది. ఆడవాళ్ళు యాభై ఒక్కమంది. ఒక్కరికీ లేదు. ఎవరినీ ఏమీ అడగలేదని దీన్నిబట్టే తెలుస్తోంది. పంచె కడితే తాగినట్టు, చీర కడితే తాగనట్టు!

నాయన షీటూ దొరికింది. 2013 ఆగస్టు. అక్కడా టిక్కే. అప్పుడు నేను బెంగళూరులో నర్సింగ్ ఆఖరి పరీక్షల్లో ఉన్నాను, దగ్గరున్నది నువ్వే. ఎవడో అడగకుండా గీసిన గీతని నువ్వు కాదనలేదు సరికదా, దాని మీద ప్రసంగం కట్టుకున్నావు. వచ్చే ఆదివారం నీ సంఘం ముందు నిలబడి నాయన తాగలేదని చెప్పు. నాకు అంతకంటే ఏమీ అక్కర్లేదు.

మా ఆయన నిఖిల్, బీనా బాగున్నారు. మామకి ఉత్తరం రాస్తున్నానంటే, ఎందుకు తిడుతున్నావని అడిగింది నా కూతురు. నా మొహం చూసి కనిపెట్టేసింది.

నీ మీద మండిపోతున్న చెల్లెలు,
క్యాథరిన్


కుప్పం,
21 జూన్ 2025

ప్రియమైన చెల్లి క్యాతీకి,

ప్రభువు కృపలో మేమందరం క్షేమం. నీ ఉత్తరం అందింది. కవరు తెరుస్తుంటేనే చెయ్యి కాలింది. మీ వదిన రేఖ, "మీ సెల్లెలు ఇంకా మారలేదు" అని నవ్వింది.

ఇక్కడ మళ్ళీ ఏనుగులు దిగాయి. రామకుప్పం వైపు ఉమాపతి అనే రైతు టమాటా తోట ఒక్క రాత్రిలో తొక్కేశాయి. తెల్లారి వెళ్ళి పలకరిస్తే, "ఏనుగును యాడ తిట్టేది పాస్టరయ్యా, అదీ ఆకలికే వచ్చె" అన్నాడు. ఆ మాట మీద పోయిన ఆదివారం ప్రసంగం చేశాను. అందరికీ నచ్చింది.

నాయన సంగతి. ఆయన ఇప్పుడు ఏ టిక్కులూ లేని చోట ఉన్నాడు. ఆయన పేరు చెబితే ఈ చుట్టుపక్కల ఇరవై ముగ్గురు తాగుడు మానేశారు. పేర్లతో సహా చెప్పగలను. ఆ ఇరవై మూడు ఇళ్ళలో ఆడవాళ్ళు దెబ్బలు తినడం లేదు. బతికి ఉంటే నాయనే సంతోషించేవాడు. గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తకు తల్లీ.

బీనాకి ముద్దులు. నిఖిల్‌కి నా వందనాలు.

నీ అన్న,
శాలేము రాజు


మదనపల్లె,
6 జూలై 2025

ప్రియమైన అన్నకు,

నేను నాయన గురించి అడిగితే నువ్వు ఏనుగుల గురించి చెప్పావు. చెప్పేవి శ్రీరంగనీతులు అని ఒక సామెత ఉంది. రెండో సగం పాస్టరుకి రాయకూడదు కాబట్టి ఆపేస్తున్నాను.

ఇరవై ముగ్గురు మానేశారా? మంచిదే. ఇంకో ఇరవై ముగ్గురు మానాలంటే ఈసారి చచ్చిపోయిన అమ్మ మీద కూడా ఏదైనా కల్పిస్తావా?

డాక్టరమ్మ అనుమతి తీసుకుని, షీట్లలో ఉన్న నంబర్లకి ఫోన్లు చేస్తున్నాను. మూడో వంతు నంబర్లు పని చేయడం లేదు. తీసినవాళ్ళని ముందుగా ఒకటే అడుగుతాను, నిజంగా తాగేవాడా అని. తాగినవాళ్ళు చాలామందే ఉన్నారు, అది దాచను. కానీ షీటులో టిక్కు ఉన్న తొంభై ఆరు ఇళ్ళలో ముప్ఫై నాలుగు ఇళ్ళవాళ్ళు తాగలేదన్నారు.

చౌడేపల్లె దగ్గర గంగులప్ప అని, ఆవులు పెట్టుకుని డెయిరీకి పాలు పోసేవాడు. అతని భార్య మునిరత్నమ్మ ఫోన్‌లో ఏడవలేదు. నన్ను తిట్టింది. "యాల రాసినారమ్మా అట్ల? మా ఆయప్ప సారాయి వాసనొస్తే ఆ పక్కకే పోడు. కడుపు ఉబ్బి మీకాడికొస్తే ఒకరన్నా నోరు తెరిసి అడిగినారా? ఆ కాగితం సూసి ఊరంతా దొంగతాగుబోతన్నారు. నా బిడ్డకొచ్చిన సంబంధం ఎనక్కి పాయె" అంది. ఈ మాట మా అన్నకి చెప్పొచ్చా అని అడిగితే, "మీ యన్నకేం, మైకులో సెప్పు. నా పేరు పెట్టే సెప్పు" అంది.

ఆవిడ వేరుశనగ మిల్లులో గింజలు ఏరే పనికి పోయేది. బాగున్నవి బెంగళూరుకి పోతాయి. నల్లబడ్డవీ బూజు పట్టినవీ ఏరినవాళ్ళ ఇంటికొస్తాయి. పారేస్తే పాపమని పదిహేనేళ్ళు ఆ గింజలతోనే చట్నీ చేసుకున్నారు. ఆ బూజులో లివర్‌ని తినే విషం ఉంటుందట. రక్తంలో హెపటైటిస్ బి వైరస్ కూడా ఉంటే అది మంట మీద కిరోసిన్ పోసినట్టేనని డాక్టరమ్మ చెప్పారు. గంగులప్పకి ఆ వైరస్ ఉందో లేదో చూద్దామంటే ఆ గడి ఖాళీ. సగం షీట్లలో ఆ గడి ఖాళీయే. తాగాడని టిక్కు పెట్టాక ఇంకా వెతకాల్సిన పనేముంది?

షుగరు ముదిరి లివర్ పాడైనవాళ్ళున్నారు. కామెర్లకి పసరు తాగుతూ ఆరేసి నెలలు పోగొట్టుకున్నవాళ్ళున్నారు. చిన్నప్పుడెప్పుడో ఊరందరినీ పొడిచిన సూదితోనే పొడిపించుకున్నవాళ్ళున్నారు. వీళ్ళందరినీ ఆ ఒక్క టిక్కు కింద పూడ్చిపెట్టాం. పూడ్చిపెట్టాం అనే రాశాను చూడు. వాటిలో పదకొండు టిక్కులు నా చేతివి.

నాయన షీటు మళ్ళీ తీసి చూశాను. పైన చిన్న అక్షరాల్లో "సమాచారం ఇచ్చినవారు: కొడుకు" అని ఉంది. మిగతావాళ్ళ సంగతేమో గానీ, నాయన విషయంలో ఎవరో అడిగారన్నమాట. నువ్వు ఏం చెప్పావు అన్నా?

జవాబు కోసం చూస్తూ,
క్యాథరిన్


కుప్పం,
14 జూలై 2025

చెల్లీ,

అడిగారు, ఏదో చెప్పాను. పన్నెండేళ్ళ కిందటి మాట ఇప్పుడెవరికి గుర్తుంటుంది? నువ్వు నర్సువి, పోలీసువి కాదు. ఇళ్ళకి ఫోన్లు చేసి మానిన పుండ్లు కెలకడం ఏ రకమైన సేవో నాకు అర్థం కాలేదు. ఇంకోసారి ఈ విషయం రాస్తే నేను జవాబు రాయను.

నీ కోసం ప్రార్థిస్తున్నాను.

శాలేము రాజు


మదనపల్లె,
3 ఆగస్టు 2025

అన్నా,

'ప్రియమైన' అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

షీట్లలో ఖాళీగా ఉన్న గడులు నింపడానికి ల్యాబ్‌లోని పాత రిజిస్టర్లు దించాం. 2013 ఆగస్టు 19, వరుస సంఖ్య నలభై ఒకటి. పరంజ్యోతి, యాభై ఎనిమిదేళ్ళు, పుంగనూరు. హెపటైటిస్ బి: పాజిటివ్. ఎర్ర సిరాతో రాసి ఉంది. ఆ ఫలితం కాగితం కేస్ షీటులో లేదు. పిన్ను గుచ్చిన రెండు చిల్లులు మాత్రం ఉన్నాయి.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఒక్క మాట అడిగితే నన్ను పోలీసుని చేశావు. ఇప్పుడు తెలిసింది ఎందుకో. ఆ కాగితం నువ్వే తీశావు. ఎందుకు తీశావో తర్వాత తేల్చుకుందాం. నాయన పేరు సంగతి కూడా తర్వాతే. ముందు నీ ప్రాణం.

ఈ వైరస్ కాన్పులో తల్లి నుంచి బిడ్డకి వస్తుంది. భార్యాభర్తల మధ్య వస్తుంది. అమ్మ 2006లో ఎలా పోయిందో గుర్తు తెచ్చుకో. కామెర్లన్నారు, పసరు మందుకని నువ్వూ నాయనా కలికిరి దాకా తిప్పారు, చివరికి కడుపు ఉబ్బి పోయింది. ఆవిడ రక్తం ఎవరూ చూడలేదు. ఆవిడ కడుపున పుట్టినవాడివి నువ్వు. నొప్పి ఉండదు, తెలియదు, ముప్ఫై నలభై ఏళ్ళు ఊరికే ఉండి ఒకరోజు గడ్డగా బయటపడుతుంది. రేపే వెళ్ళి పరీక్ష చేయించుకో. వదినకీ పిల్లలకీ చేయించు. ఉందని తేలినా భయం లేదు, అవసరమైతే రోజుకొక మాత్ర, ఆరు నెలలకొక స్కానింగ్. సిగ్గుపడి కూర్చుంటేనే ప్రమాదం.

నా గురించి ఆలోచించకు. ఉద్యోగంలో చేరగానే మూడు డోసుల టీకా వేశారు, కార్డు కూడా ఉంది. నీ గురించే నా భయమంతా.

క్యాథరిన్


మదనపల్లె,
27 ఆగస్టు 2025

అన్నా,

ఇరవై నాలుగు రోజులైంది. దొంగకు తేలు కుట్టినట్టు ఈ మౌనం ఏమిటి? పరీక్ష చేయించుకున్నావా లేదా, ఒక్క మాట రాయి. రాయకపోతే బస్సెక్కి వచ్చి, ఆరాధన మధ్యలో నీ చొక్కా చెయ్యి మడిచి నేనే రక్తం తీస్తాను. నా సంగతి నీకు తెలుసు.

క్యాథరిన్


కుప్పం,
2 సెప్టెంబరు 2025

ప్రియమైన క్యాతీకి,

నువ్వు రావద్దు. నేనే చెబుతాను. ఈ ఉత్తరం మూడుసార్లు రాసి చింపాను.

నాయన తాగలేదు. ఒక్క చుక్క కూడా ఎప్పుడూ తాగలేదు.

నువ్వు చేయించుకోమన్న పరీక్ష నేను పన్నెండేళ్ళ కిందటే చేయించుకున్నాను. పాజిటివ్. అప్పటి నుంచి రోజుకొక మాత్ర వేసుకుంటున్నాను. ఆరు నెలలకోసారి బెంగళూరులో స్కానింగ్. మహాసభల పని మీద బెంగళూరు పోతున్నానని నీకు చెప్పినవన్నీ అవే. రేఖకి లేదు, పిల్లలకీ లేదు. అందరికీ టీకాలు వేయించాను.

ఆ రోజు డాక్టరు మమ్మల్ని కౌన్సెలింగ్ గదికి పంపాడు. ఎయిడ్స్ వాళ్ళకి చెప్పే గది కూడా అదే. నేను లోపలికి వెళ్ళాను, నాయన బయట బల్ల మీద కూర్చున్నాడు. పుంగనూరు సంఘ పెద్ద ఒకాయన అటుగా వచ్చాడు. తలుపు మీద బోర్డు చూశాడు, నాయన్ని చూశాడు, పలకరించకుండా వెళ్ళిపోయాడు. లోపల నాకు చెప్పింది నేను నాయనకి చెప్పాను. తల్లి నుంచి బిడ్డలకి రావచ్చు, ఆలుమగల మధ్య రావచ్చు, ఇంట్లో అందరూ చూపించుకోవాలి అని. నాయన నా చెయ్యి పట్టుకున్నాడు.

"తాగినాడని రాయించురా. తాగుడైతే నా ఒక్కడి తప్పు. తప్పైపాయెనంటే సంఘం క్షమిస్తాది. ఈ రగతం మాట బయటికొస్తే ఏమని ఒప్పుకునేది? సచ్చిపోయిన మీ అమ్మను అంటారు. క్యాతి పెండ్లి ఫిబ్రవరిలో ఉండాది. ఆ పిల్లను ఎవురు సేసుకుంటారు?" అన్నాడు.

బైబిలు తీసి నా చేత దాని మీద చెయ్యి పెట్టించాడు. నీ పెళ్ళి అయ్యేదాకా ఎవరికీ చెప్పనని ఒట్టేశాను. నిజం చెప్పనని బైబిలు మీద ఒట్టేసిన పాస్టరు ఇంకెవరైనా ఉన్నారో లేదో నాకు తెలియదు. షీటు రాసే అతను "తాగుతాడా?" అంటే అవునన్నాను. అతను తల కూడా ఎత్తలేదు. కాగితం నేనే పీకేశాను.

పెళ్ళి కాగానే నీకు చెబుదామనే అనుకున్నాను. ఇంతలో నువ్వు ఉద్యోగంలో చేరి, "హెపటైటిస్ టీకా మూడోది కూడా అయిపాయె అన్నా, సెయ్యి ఎత్తలేకపోతాండా" అని ఫోన్‌లో నవ్వావు. దేవుడే చూసుకున్నాడనుకున్నాను. నీకు ఇక భయం లేనప్పుడు నాయన మాట ఎందుకు తప్పాలి అనుకున్నాను.

ప్రసంగం సంగతి ఏం చెప్పను. ఒకసారి, ఒక తాగుబోతు ఇంట్లో, నోరు జారి అన్నాను. అతను ఏడ్చి మానేశాడు. తర్వాత ప్రతి సభలో అదే చెప్పమన్నారు. మంచి జరుగుతుంటే అబద్ధాన్ని ఆపడం కష్టం చెల్లీ.

నన్ను తిట్టు. తిట్టడం అయ్యాక క్షమించు.

నీ అన్న,
శాలేము రాజు


మదనపల్లె,
29 సెప్టెంబరు 2025

ప్రియమైన అన్నకు,

నీ ఉత్తరం డ్యూటీ గదిలో నిలబడే చదివాను. మొదట వచ్చింది కోపం కాదు, ఒక అనుమానం.

ఆ టీకా కొత్తగా వైరస్ రాకుండా ఆపుతుంది. ముందే ఒంట్లో ఉన్నదాన్ని ఏమీ చేయలేదు. ఈ ముక్క నేను నర్సింగ్ పిల్లలకి ఏటా పాఠం చెబుతాను. టీకాకి ముందు నా రక్తం ఎవరూ చూడలేదు. బీనా కడుపులో ఉన్నప్పుడు, ప్రతి గర్భిణికీ చేసే పరీక్షల్లో ఇదీ ఉంది. "మన సిస్టరే గదా, టీకాలన్నీ అయినాయి" అని ల్యాబ్ వాళ్ళు నవ్వితే, నేనూ నవ్వి, నా కార్డు మీద నా చేత్తోనే "అవసరం లేదు" అని రాసి టిక్కు పెట్టాను. ఊరందరి షీట్ల మీద అరిచానే, నాకు మాత్రం అడగకుండా టిక్కు పెట్టుకున్నది నేనే. తిలాపాపం తలా పిడికెడు. నా పిడికెడు నేను ఒప్పుకుంటున్నాను.

ఆ సాయంత్రమే రక్తం ఇచ్చాను. పాజిటివ్. మర్నాడు స్కానింగ్ చేశారు. లివర్‌లో కుడి పక్కన రెండున్నర సెంటీమీటర్ల గడ్డ ఉంది. వెల్లూరులో మళ్ళీ చూసి క్యాన్సరే అన్నారు. చిన్నదిగా ఉండగా దొరికింది, కోసి తీసేయవచ్చు, ఆ తర్వాత చూస్తూ ఉండాలి అన్నారు. ఐదో తేదీ ఆదివారం సాయంత్రం చేర్చుకుంటారు. సోమవారం ఉదయం ఆపరేషను. నిఖిల్‌కి లేదు. బీనాకి లేదు. పుట్టిన పూటే అందరు పిల్లలకీ వేసే టీకా దానికీ పడింది. ఫలితం కాగితం వచ్చేదాకా నేను నా కూతురి మొహం చూడలేకపోయాను.

ఇప్పుడు నిన్ను తిడతాను. పన్నెండేళ్ళలో ఇరవై నాలుగుసార్లు నీ లివర్ చూపించుకున్నావు. ఇరవై నాలుగుసార్లు బెంగళూరు పోయి, చల్లని జెల్లు పూయించుకుని, ఏమీ లేదని విని, బస్సులో ఇంటికొచ్చి ప్రభువుకి స్తోత్రం చెప్పుకున్నావు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి "చెల్లీ, నువ్వూ చూపించుకో" అని ఉంటే నాకూ మాత్రతోనో స్కానింగుతోనో సరిపోయేదేమో. ఒట్టు పెళ్ళి దాకానే అన్నావు. పెళ్ళై పదకొండేళ్ళు దాటింది. నాయన నా పెళ్ళి కాపాడాడు. నువ్వు నాయన మాట కాపాడావు. మరి నన్నెవరు కాపాడాలిరా?

'రా' అనేశాను. కొట్టేయను, అలాగే ఉండనీ.

నాయన మీదా కోపంగా ఉంది. పోయినవాళ్ళ మీద కోపం పెట్టుకోకూడదంటారు. ఆ మాట అన్నవాళ్ళకి లివర్ బాగుండి ఉంటుంది. ఒక పాపం ఒప్పుకుంటే క్షమిస్తారు గానీ, ఏ పాపమూ లేని రోగాన్ని క్షమించరని భయపడి ఆయన తాగుబోతు పేరు మోశాడు. ఆ భయాన్ని ఆయనకి పెట్టింది మన సంఘాలే. నీ ప్రసంగాలు కూడా అందులో ఉన్నాయి.

క్షమించమన్నావు. దేవుణ్ణి అడుగు, ఆయన తొందరగా క్షమిస్తాడు. నాకు టైం పడుతుంది.

ఐదో తేదీ ఆదివారం ఉదయం నీ సంఘం ముందు నిలబడి చెప్పు. నా తండ్రి తాగలేదని చెప్పు. ఆయనకి రక్తంలో వైరస్ ఉండేదని, నాకూ ఉందని, నా చెల్లెలికీ ఉందని చెప్పు. ఎవరూ తప్పు చేసి తెచ్చుకోలేదని చెప్పు. నేను ఇన్నేళ్ళూ అబద్ధం చెప్పానని చెప్పు. ఆ ఇరవై ముగ్గురూ మళ్ళీ సీసా పడతారని భయమా? పట్టకుండా చూసుకోవడం నీ ఉద్యోగం, నిజం చెప్పి చేసుకో. డాక్టరమ్మ మంగళవారం అందరికీ ఈ రక్తపరీక్ష చేయడానికి ల్యాబ్ వాళ్ళని రామకుప్పం పంపుతామన్నారు. నువ్వు మొదట నీ పేరు చెబితేనే మిగతావాళ్ళు చెయ్యి చాపుతారు.

అది చెప్పాక, మధ్యాహ్నం వెల్లూరు బస్సెక్కు. చెప్పకపోతే ఎక్కొద్దు. ఎక్కినా గది బయటే ఆపేయమని నిఖిల్‌కి చెప్పి ఉంచాను, ఆపేస్తాడు కూడా.

చెప్పి వస్తే, సోమవారం నన్ను లోపలికి తీసుకెళ్ళేదాకా నా పక్కనే కూర్చో. నాకు చాలా భయంగా ఉంది అన్నా.

నీ చెల్లెలు,
క్యాథరిన్